నోరు తెరిచే ఇల్లు

ఇల్లందు పక్క తండాలో హేమ్లి ఇంటిది ఒక వింత అలవాటు. మధ్యాహ్నం ఓపెన్‌కాస్ట్ గనిలో బాంబులు పేల్చే ముందు సైరన్ మోగుతుంది కదా, అది వినగానే ఇంటిల్లిపాదీ నోళ్లు బార్లా తెరిచి కూర్చుంటారు. చప్పుడు అయిపోయాకే మూస్తారు. చూసినవాళ్లు నవ్వక ఛస్తారా!

ఇది నేర్పింది హేమ్లి తండ్రి హాతీరాం. రెండో ప్రపంచ యుద్ధం నాడు సముద్రం మధ్య ఏదో దీవిలో, రెండు పెద్ద ఫిరంగుల దగ్గర మూడేళ్లు గుండ్లు మోశానని చెప్పేవాడు. రోజూ వాటిని నూనెతో తుడవడం, సముద్రంకేసి చూస్తూ కూర్చోవడం. నెలకోసారి సాధన కోసం నీళ్లలోకి పేల్చేవారట. శత్రువు ఓడ మాత్రం ఒక్కటీ రాలేదు. యుద్ధమయ్యాక ఆ ఫిరంగులను ముక్కలుగా కోసి పాత ఇనుము కింద అమ్మేశారట. హాతీరాం చేతిలో రుజువుగా కాగితం ముక్క లేదు. తండా ఎందుకు నమ్ముతుంది? "ఓడ రాని ఫిరంగి" అని పేరు పెట్టి ఆయన పోయేదాకా ఏడిపించింది. పక్కింటి సక్రి ఇప్పటికీ ఊరుకోదు. తన తండ్రి అబద్ధాలకోరు కాదని ఒక్కరైనా అంటే చాలని డెబ్బై ఐదేళ్ల హేమ్లి ప్రాణం కొట్టుకునేది.

మొన్న కోటేష్ అనే ఆయన మేకపోతును కొనడానికి వచ్చాడు. బేరం సగంలో ఉండగా సైరన్ మోగింది. హేమ్లి మామూలుగా నోరు తెరిచింది. ఎదురుగా చూస్తే, ఓయమ్మో, ఆయనా తెరిచాడు!

నేల అదిరి సద్దుమణిగింది.

"నువ్వెందుకు తెరిచినవ్ బిడ్డా?" అంది హేమ్లి.

"అలవాటు అవ్వా. ఆర్మీల పద్దెనిమిదేండ్లు పెద్ద ఫిరంగుల కాడ చేసిన. నోరు మూసుకుంటే చెవుల పొర పగుల్తది. మీకెవరు నేర్పిండ్రు?"

"మా బాపు."

"అయితే ఆయన గూడ ఫిరంగి కాడ చేసినోడే. ఊకెనే తెలిసే ముచ్చట కాదిది."

హేమ్లికి కళ్లనీళ్లు ఆగలేదు. కొంగుతో తుడుచుకుంటూనే దడి మీదుగా కేకేసింది. "ఒసేయ్ సక్రీ, జల్దీ రా! ఈయనేమంటుండో నీ చెవులతోని ఇను!"

పాపం కోటేష్ ఆ మాటే మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది. సక్రి అంతా విని ఇంటికి వెళ్లిపోయింది.

మర్నాడు సైరన్ మోగింది. హేమ్లి నోరు తెరిచి దడి అవతలికి చూసింది. వాకిట్లో సక్రి, ఉన్న నాలుగు పళ్లూ కనబడేలా నోరు తెరిచి కూర్చుంది.

చప్పుడు అయిపోయేదాకా ఆగి, అప్పుడు నవ్వింది హేమ్లి.