నోట్లోకి ఏం వెళ్ళింది

"పారబోస్తావా ఏమిటి? చిక్కటి పాలు!" అంది అత్తగారు, సగం తాగిన గ్లాసు గట్టు మీద పెడుతూ.

కోడలు పారబొయ్యలేదు. ఎప్పుడు పారబోసింది గనక! తడి చెయ్యి తుడుచుకోకుండానే గ్లాసెత్తి గటగటా తాగేసి, దాన్ని సింకులో పడేసి, పొయ్యి వైపు తిరిగింది. గుమ్మం అవతల మొగుడు పేపరు చదువుకుంటున్నాడు. అప్పటికి ఉదయం ఏడు. పదకొండింటికి ఆమెకి ఆపరేషన్, పిత్తాశయంలో రాళ్ళకి.

నాలుగున్నరకే లేచింది. మూడు రోజులు ఆస్పత్రిలో ఉండాలంటే మూడు రోజుల వంటా ముందే వండి ఫ్రిజ్‌లో సర్దాలి. లేకపోతే ఆ ఇంట్లో మనుషులు ఆకలికి సొమ్మసిల్లిపోతారు. నవ్వకండి. మొగుడు ఆ మాట నిజంగానే అన్నాడు: "నువ్వెళ్ళి హాయిగా పడుకుంటావు, మా సంగతేంటి?" నాలుగు కూరలు. ఒక్కోదానికీ ఉప్పు చూడాలి. చూడకపోతే ఏమవుతుందో తెలుసు. పెళ్ళయిన రెండో నెలలో కంచం గోడకి తగిలిన చప్పుడు పధ్నాలుగేళ్ళయినా ఆమె చెవిలోంచి పోలేదు. గరిటెడు అరచేతిలో పోసుకోవడం, నాకడం, ఇంకాస్త ఉప్పు, మళ్ళీ నాకడం. మధ్యలో కూతురు వదిలేసిన సగం గుడ్డూ, బ్రెడ్డు అంచులూ నోట్లో వేసుకుంది. ఇవేవీ ఆమె లెక్కలో తిండి కాదు. తిండంటే కంచం ముందు కూర్చుని తినేది. ఆమె ఆ ఇంట్లో కూర్చుని తిన్న రోజులు చేతివేళ్ళు దాటవు. ఆఫీసులోనూ అంతే, ఒక చేత్తో ఫైళ్ళు, ఒక చేత్తో డబ్బా. సెలవు పెట్టదని అక్కడ ఆమెకి 'గట్టిపిండం' అని పేరు కూడా పెట్టారు. పొగడ్తనుకుని చాలాకాలం మురిసిపోయింది పిచ్చిది.

ఆస్పత్రి వాళ్ళిచ్చిన కాగితాన్ని ముందురోజు మొగుడే చదివి వినిపించాడు. అర్ధరాత్రి దాటాక ఏమీ తినకూడదు. పాలూ టీలూ తాగకూడదు. బబుల్‌గమ్ కూడా నమలకూడదు. నొప్పి మాత్రలు అడక్కుండా మింగకూడదు. సిగరెట్టూ మందూ ముట్టకూడదు. చదివి పకపకా నవ్వాడు. "నీకెందుకే ఈ కాగితం? సిగరెట్టా, మందా!"

ఆస్పత్రిలో బట్టలు మార్పించి, చేతికి సూది గుచ్చి, చక్రాల మంచం మీద పడుకోబెట్టారు. నర్సు అడిగింది, "ఏమన్నా తిన్నారామ్మా?"

"లేదు" అంది. అబద్ధమాడుతున్నానన్న స్పృహ కూడా లేదు ఆమెకి.

"పచ్చి మంచినీళ్ళు ముట్టలేదండి" అన్నాడు మొగుడు పక్కనుంచి.

పదిన్నరకి మత్తు డాక్టరమ్మ వచ్చింది. పొట్టి జుట్టు, కళ్ళ కింద నలుపు. మళ్ళీ అదే ప్రశ్న. మళ్ళీ మొగుడే నోరు తెరిచాడు.

"మీరాగండి. ఆవిడ్ని చెప్పనివ్వండి. ఇంట్లో వంటెవరమ్మా?"

"నేనే."

"ఇవాళ పొద్దున కూడానా?"

"మూడు రోజులకి."

డాక్టరమ్మ రాయడం ఆపింది. "అయితే తిన్నారా అని అడగను. లేచిన దగ్గర్నుంచి మీ నోట్లోకి ఏం వెళ్ళింది?"

కూరలు. గుడ్డు. బ్రెడ్డు. ఒక్కొక్కటే వరస కట్టి ఆమె కళ్ళ ముందుకొచ్చాయి. చెప్తే ఆపరేషన్ ఆగిపోతుంది. ఇప్పటికే రెండుసార్లు ఆగింది, ఒకసారి ఆయన ఆఫీసులో తనిఖీలని, ఒకసారి ఆడపడుచు వస్తోందని. ఆ రెండుసార్ల మధ్యా నోట్లో తువ్వాలు కుక్కుకుని బాత్రూం నేల మీద దొర్లిన నొప్పి ఆమెకొక్కదానికే తెలుసు. ఇంకోసారి ఆగితే మళ్ళీ ఎప్పుడు? చెప్పకపోతే?

"చెప్పకపోతే ఏమవుతుందండీ?" అని పైకే అడిగేసింది.

"మత్తులో ఉండగా కడుపులోది పైకి తన్నుకొస్తుంది. ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికే వస్తుంది."

మొగుడి చెయ్యి ఆమె భుజం మీద పడి నొక్కింది. "ఊరికే భయపెట్టకండి మేడమ్. లీవు పెట్టి మరీ వచ్చాను. ఏదో గుక్కెడు పాలకి అంత దూరం ఆలోచిస్తే ఎలా?"

"పాలా?" అంది డాక్టరమ్మ. "పాలని ఇక్కడెవరన్నారు?"

ఆమె తల తిప్పి మొగుడి వంక చూసింది. తనకే గుర్తు రాలేదు ఆ గ్లాసు. పేపరు చాటునుంచి ఆయన చూశాడు. చూసి నోరెత్తలేదు. ఇక్కడికొచ్చి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదన్నాడు. లీవు వృథా పోకూడదు, అంతే. ఆమె ఊపిరి ఏమైతేనేం!

భుజం మీద చెయ్యి తీసి పక్కన పెట్టింది.

"రాసుకోండి డాక్టరమ్మా" అంది. నాలుగు కూరలూ ఎన్నెన్నిసార్లు నాకిందో చెప్పింది. గుడ్డు చెప్పింది. బ్రెడ్డు చెప్పింది. పాలు, అర గ్లాసు, ఏడింటికి. నడుంనొప్పికి రోజూ దొంగచాటుగా మింగే మాత్ర సంగతి కూడా కక్కేసింది. చెప్తున్నకొద్దీ ఆమెకే ఆశ్చర్యమేసింది, ఒక మనిషి తినకుండా ఇంత తింటుందా అని.

"ఇవాళ కుదరదమ్మా. ఆ మాత్ర సంగతి సర్జన్‌తో మాట్లాడతాను, ఆయన సరేనంటే రేపు పొద్దున మొదట మీదే. ఇంటికెళ్ళి..."

"విన్నావుగా, పద" అన్నాడు మొగుడు పళ్ళు బిగించి. "వెళ్ళి అమ్మకి భోజనం పెట్టు, ఈ తెలివంతా తర్వాత చూపిద్దువుగాని."

ఆమె కదల్లేదు. "ఇంటికెళ్తే రేపు కూడా మీరు నాకు మత్తు ఇవ్వలేరు డాక్టరమ్మా. రేపేంటి, ఏడాది తర్వాతైనా ఇవ్వలేరు. నన్నిక్కడే ఉంచండి."

"మరి మేం?" అన్నాడు మొగుడు. నిజంగానే అర్థం కాని మొహంతో అడిగాడు.

ఆమె నర్సు వైపు తిరిగింది. "ఏ వార్డు సిస్టర్? నడవగలను, పదండి."