పుదీనాకు పెట్టిన దీపం

ఎదురుగా ఆరంతస్తుల మేడ లేచిన ఏడాదే హాజ్ బుఅజ్జా ఇంట్లో పుదీనాకు చెడ్డరోజులు వచ్చాయి. కాసాబ్లాంకాలో మేడ లేవడం వింతేమీ కాదు. ఎవరి ఎండ ఎవరు మింగారని అడిగే నాథుడు ఇక్కడ లేడు. నిన్నటిదాకా హాజ్ కిటికీ గట్టు మీద కూర్చున్న ఎండ ఇప్పుడు ఎదుటి మేడవాళ్ళ దుప్పట్లు ఆరబెడుతోంది. మట్టికుండీల్లో పుదీనా పాలిపోయి, కాడలు సాగి, ఆకు కోద్దామంటే చెయ్యి రాని స్థితికి చేరింది.

పుదీనా పోతే పోయింది, వీధి చివర బండి మీద కట్టలు కట్టలుగా దొరకదా అని ఎవరైనా అనొచ్చు. హాజ్ భార్య లల్లా రకియా కూడా అదే అంది. కానీ సంగతి పుదీనాది కాదు, పెద్దరికానిది. శుక్రవారం నమాజయ్యి, ఎవరింట్లో వాళ్ళు కుస్‌కుస్ తిన్నాక, స్నేహితులంతా హాజ్ ఇంటికి చేరతారు. ఆయన లేచి, అందరూ చూస్తుండగా, సొంత కుండీలోంచి పుదీనా కోసి కెటిల్‌లో కూరి, మూరెడు ఎత్తు నుంచి గ్లాసుల్లోకి నురగ లేచేలా టీ పోస్తాడు. టీ పోసే చెయ్యి ఎవరిదో సభ వాళ్ళది. సిటీ బస్సుల్లో టిక్కెట్ల తనిఖీ చేసినంత కాలం జనం హాజ్‌ని చూసి వెనక తలుపులోంచి దిగిపోయేవాళ్ళు. ఆయన్ని చూడ్డానికి జనం మెట్లెక్కి రావడం ఈ శుక్రవారం టీతోనే మొదలైంది.

ఆ టీ మీద కన్నేసినవాడు సీ మక్కీ. పోస్టాఫీసులో స్టాంపులు గుద్ది గుద్ది రిటైరై, హాజ్ ఇంటికి సరిగ్గా పై అంతస్తులో ఉంటాడు. కుర్రతనం నుంచీ ఇద్దరికీ పొట్లాటే కాలక్షేపం.

"మీ ఇంటి పుదీనాకి ఒంట్లో బాలేదా, హాజ్?" అన్నాడు మక్కీ ఒక శుక్రవారం, గ్లాసు పైకెత్తి చూస్తూ.

"చలి కదా. కాస్త ముడుచుకుంది."

"చలికి ముడుచుకుందా, నిన్ను చూసి ముడుచుకుందా? బస్సుల్లో జనం కూడా అంతేగా."

అందరూ నవ్వారు. హాజ్ కూడా నవ్వాడు, నవ్వకపోతే ఓడిపోయినట్టు. మక్కీ అక్కడితో ఊరుకోలేదు.

"ఇంటి పుదీనా లేని టీ ఎవరింట్లో తాగితే ఏంటి? వచ్చే నెల నుంచి అందరూ మా ఇంటికే రండి. కొత్త సోఫాలు వేయించాను. కూర్చునేవాడు లేక అవి నా మొహమే చూస్తున్నాయి."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆలోచిస్తున్నారు.

మొక్కలకు ఇంట్లోనే ఎండ కాసే దీపాలు వచ్చాయని ఆయన ఎక్కడో విన్నాడు. ఆ మాటే ఇంట్లో ఎత్తాడు. లల్లా రకియా మెంతులు ఏరుతూ తల కూడా ఎత్తలేదు.

"వంటింట్లో తెల్ల ట్యూబులైటు ఉంది. కుండీలు దాని కిందకి జరిపి, పగలు వేసి, రాత్రి ఆర్పండి. మొక్కకి అది చాలు."

"మొక్కకి చాలు. ట్యూబులైటు చూడ్డానికి మక్కీ మెట్లు దిగొస్తాడా?"

"అలా చెప్పండి. దీపం పుదీనాకి కాదన్నమాట."

హాజ్ జెల్లబా అంగీ తొడుక్కుని పాత సామాన్ల సంతకు బయల్దేరాడు.

దీపాల కొట్టు యజమాని ఒత్తు మీసాల మనిషి. ముసలాయన మొహం చూడగానే బేరం వాసన పట్టాడు.

"ఏది కావాలి హాజ్, తెల్లదా, ఊదాదా?"

"తేడా ఏంటి?"

"తెల్లదాని కింద మొక్క పెరుగుతుంది. ఊదాదాని కింద మొక్క పెరుగుతోందని వీధి వీధంతటికీ తెలుస్తుంది."

బేరం సగం అక్కడే కుదిరిపోయింది. అయినా తనిఖీ చేసిన చెయ్యి ఊరుకోదు కదా. హాజ్ కళ్ళజోడు పెట్టుకుని పెట్టె మీది రాతలు చదివాడు.

"వెయ్యి వాట్లని రాశారు. కరెంటు బిల్లు సంగతి?"

"మీరేం భయపడకండి. మీటర్లో వందే తిరుగుతుంది."

"మరి మిగతా తొమ్మిది వందలూ?"

"అవి మొక్కకి వెళ్తాయి."

టిక్కెట్టు లేనివాళ్ళు చెప్పే కథలు జీవితమంతా విని ఒక్కటీ నమ్మని మనిషి ఈ కథ నమ్మాడు. పైగా కొట్టువాడు తన బావమరిది ఇలాంటి దీపం కింద అరటి గెల దింపాడని చెప్పి, ఆ గెల ఎంత పొడుగో చేతులు చాపి చూపించాడు. చేతులు చాలక పక్క కొట్టువాడి చెయ్యి కూడా అరువు తెచ్చుకున్నాడు. హాజ్ ఆ కొట్టులో అన్నిటికన్నా పెద్ద దీపం మోసుకుని ఇంటికొచ్చాడు.

దీపంతో పాటు ఒక కాగితం వచ్చింది. పగలు వెలిగించండి, రాత్రి ఆర్పండి, మొక్కకూ చీకటి కావాలి అని అందులో ఉంది. లల్లా రకియా దాన్ని పైకి చదివి వినిపించింది.

"మన ఇంటికొచ్చిన అతిథి కూర్చుని ఉండగా ఎప్పుడైనా దీపం ఆర్పామా?" అన్నాడు హాజ్.

"అతిథి మూడు రోజులుండి పోతాడు. ఇది పోయేది కాదుగా."

మర్యాద ముందు కాగితం ఓడిపోయింది. దీపం రాత్రీ పగలూ వెలుగుతూనే ఉంది. ముందుగది గోడలు, దిండ్లు, కాబా బొమ్మ ఉన్న గడియారం, హాజ్ గడ్డం అన్నీ ఊదారంగుకు తిరిగాయి. పళ్ళెంలో గుమ్మడిముక్క ఏదో మాంసంముక్క ఏదో వేళ్ళతో తడుముకోవలసి వచ్చింది. అగదీర్‌లో ఉన్న కూతురు వీడియోలో తండ్రి మొహం చూసి ఆస్పత్రికి తీసుకెళ్ళమని తల్లిని బతిమాలింది. పేటలో ఎవరింట్లో ఏముడికిందో సర్కారుకి చేరవేసే ముకద్దమ్ ఒక పూట ఊరికే పలకరించడానికని వచ్చి, కుండీలన్నీ వంగి వంగి వాసన చూశాడు. పెరుగుతున్నది ఉత్త పుదీనాయేనని తెలిసి చిన్నబుచ్చుకుని, టీ తాగి, పోతూ పోతూ దీపం ఎంతకి దొరికిందని అడిగాడు.

మొదట్లో పుదీనా ఎగబడి పెరిగింది. హాజ్ మీసం మెలేశాడు. వచ్చే శుక్రవారం దీపం కింద మొదటి కోత అని స్నేహితులందరికీ ఫోన్లు చేసి మరీ చెప్పాడు.

కానీ అతి సర్వత్ర వర్జయేత్ అని పెద్దలు ఊరికే అనలేదు. చీకటన్నది కంటికి ఆనకపోయేసరికి ఆ పుదీనా నడివేసవి వచ్చేసిందనుకుంది. ఆకులు చిన్నవైపోయాయి, కాడలు కట్టెలయ్యాయి, చివర్లలో కంకులు వేసి పూతకు దిగింది. పూతకొచ్చిన పుదీనా వేస్తే టీ చేదెక్కుతుంది. గురువారం పొద్దున హాజ్ ఒక ఆకు నమిలి చూసి, కిటికీలోంచి ఉమ్మేశాడు.

"దానికి పెట్టిన వెలుగు నాకు పెడితే నేనూ పూసేదాన్ని," అంది లల్లా రకియా. అని, మొగుడి మొహం చూసి కాస్త మెత్తబడింది. "పోనీ, చలికాలం కదా, మాచిపత్రి వేసి పోయండి. ఎవరూ ఏమీ అనుకోరు."

"మక్కీ అనుకుంటాడు."

శుక్రవారం తెల్లవారుతూనే ఆయన బస్సెక్కాడు. వీధి చివరి బండివాడి దగ్గర కొంటే ఊరంతా తెలిసిపోతుంది కాబట్టి, నాలుగు స్టాపుల అవతల కూరగాయల బజారుకు వెళ్ళాడు. అక్కడొక బండి మీద మంచి పుదీనా కట్టలు కొని, జెల్లబా లోపల దోపుకుని, దొంగకు తేలు కుట్టినట్టు కిక్కురుమనకుండా ఇంటికొచ్చాడు. తాటాకు పీలికల కట్లు విప్పి, కాడలు ఒక్కొక్కటే కుండీల్లో గుచ్చాడు. ఒకప్పుడు టిక్కెట్టు లేనివాణ్ణి ఆయన చెయ్యి పట్టుకుని దించేవాడు. ఇప్పుడు వేళ్ళు లేని పుదీనాని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. ఊదా వెలుగులో పచ్చనిదంతా నల్లగానే కనబడుతుంది కాబట్టి ఏది నాటిందో ఏది గుచ్చిందో కనిపెట్టడం ఎవరి తరమూ కాదు. దీపం మొదటిసారి పనికొచ్చింది.

మధ్యాహ్నం స్నేహితులొచ్చారు. వాళ్ళలో తిబారీ అనే ఆయన, పుదీనా ఏ ఊరి మట్టిలో పెరిగిందో నాలుక మీద పెట్టుకుని చెప్పగలనని ఏళ్ళ తరబడి చెప్పుకుంటున్నాడు. అందరూ ఆయన నోటివైపు చూశారు. తిబారీ ఒక గుక్క తాగి కళ్ళు మూసుకున్నాడు.

"ఇది మట్టి రుచి కాదు. ఇందులో వెలుగు తగుల్తోంది."

"నాకూ తగుల్తోంది," అన్నాడు ఇంకొకాయన.

మక్కీ మాత్రం గ్లాసు ఖాళీ చేసి వెళ్ళిపోయాడు. ఆ శుక్రవారమంత గొప్ప రోజు హాజ్ బతుకులో ఇంకొకటి లేదు. మక్కా వెళ్ళొచ్చిన రోజుని కూడా లెక్కేస్తే తప్ప.

తర్వాత హాజ్ ఉండే మేడకంతటికీ దీపాల జ్వరం పట్టుకుంది. ఏ దీపం కొనాలన్నా హాజ్‌నే అడిగారు. మెట్ల మీద నిలబెట్టి మరీ అడిగారు. ఆయన గడ్డం నిమురుకుంటూ, వెయ్యి వాట్లకి తగ్గితే మొక్కకి అవమానమనీ, తెల్లదీపాలు వంటకి తప్ప పంటకి పనికిరావనీ చెప్పాడు. పైన పటారం లోన లొటారం అని లల్లా రకియా వంటింట్లోంచి గొణిగితే దగ్గు వచ్చినట్టు దగ్గి కప్పేశాడు. మక్కీ ఎవర్నీ అడక్కుండా సంతకు పోయి, హాజ్ దీపానికి రెండింతలున్న దీపం తెచ్చాడని తెలిసింది. రాత్రిళ్ళు ఆ వెలుగు కింది కిటికీల దాకా కారేది.

ఆ తర్వాతి శుక్రవారం మక్కీ టీకి రాలేదు. మోకాలు నొప్పి అని కబురు పంపాడు. పై శుక్రవారమూ మోకాలే. హాజ్ మనసులో పండగ చేసుకున్నాడు. ఆ పండగ ఎంతోసేపు నిలవలేదు. టీ పోస్తూ పోస్తూ, ఒక మంచి తిట్టు నాలుక చివరిదాకా వచ్చి, అందుకునేవాడు లేక వెనక్కి పోయింది. తిబారీ పొగడ్తలు చప్పగా ఉన్నాయి. పొగిడేవాళ్ళు ఎంతమందైనా దొరుకుతారు. గ్లాసు పైకెత్తి చూసేవాడు ఒక్కడే, వాడు రావడం లేదు. నిజం చెప్పాలంటే హాజ్‌కి బెంగగా ఉంది. ఆ మాట పెళ్ళాం ముందు ఒప్పుకోవడం కన్నా మోకాళ్ళ నొప్పే నయమనిపించింది.

"వెళ్ళి చూసి రండి. పైకి వెళ్తే మీ ఎత్తేం తగ్గదు," అంది ఆవిడ, అడక్కుండానే.

హాజ్ ఒక సాయంత్రం మెట్లెక్కాడు. మక్కీ తలుపు తీసి, ఒక్క క్షణం తటపటాయించి, పక్కకు తప్పుకున్నాడు. కొత్త సోఫాలు, వెండి పళ్ళెం, మక్కీ బట్టతల అన్నీ ఊదాగా మెరుస్తున్నాయి. గోడ పొడుగునా కుండీలు, వాటినిండా దట్టంగా పుదీనా.

"మోకాలు ఎలా ఉంది?"

"ఉంది."

"పుదీనా బాగా వచ్చిందే."

"రాదా మరి? దీపం నీదానికి రెండింతలు," అన్నాడు మక్కీ. అతని గొంతులో ఎప్పుడూ ఉండే పొగరు లేదు. హాజ్ మొహంలోకి చూడకుండా కుండీల వైపు వెళ్ళి, నాలుగు కాడలు అందుకున్నాడు. అవి కోయకుండానే చేతికి వచ్చేశాయి. ఆఖరి కాడతో పాటు తాటాకు పీలిక ఒకటి మట్టిలోంచి లేచి వేలాడింది. మక్కీ దాన్ని గుప్పిట్లో దాచి, గబగబా వంటింట్లోకి పోయాడు.

హాజ్ ఆ పీలికని గుర్తుపట్టాడు. అలాంటివి ఆయన ఇంట్లో చెత్తబుట్ట నిండా ఉన్నాయి. దొరికాడు మక్కీ. టిక్కెట్టు లేకుండా, సీట్లో కూర్చుని దొరికాడు. ఒక్క మాట చాలు, శుక్రవారానికి ఊరంతా తెలుస్తుంది, ఇక జన్మలో టీ గ్లాసు పైకెత్తి చూడలేడు. హాజ్ నోరు తెరిచాడు. వంటింట్లో చెంచా చప్పుడు ఆగిపోయింది. లోపల మక్కీ కూడా ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నాడని హాజ్‌కి అర్థమైంది. ఆయన నోరు మూసుకుని, సోఫాలో వెనక్కి చేరగిలబడ్డాడు. సోఫా బాగానే ఉంది.

మక్కీ కెటిల్ తెచ్చి, మూరెడు ఎత్తు నుంచి పోశాడు. కొంచెం పళ్ళెంలో పడింది. హాజ్ ఒక గుక్క తాగాడు, ఇంకో గుక్క తాగాడు. పుట్టి బుద్ధెరిగాక మక్కీతో ఎన్నడూ అనని మాట అన్నాడు.

"నాదాని కన్నా బాగుంది."

మక్కీ గ్లాసు పైకెత్తి, ఊదా వెలుగులో అటూ ఇటూ తిప్పి, తీరిగ్గా అన్నాడు.

"బాగుండదా మరి? నేను చీకటితోనే వెళ్తాను, హాజ్. నువ్వొచ్చేసరికి ఆ బండి మీద వాడిపోయినవేగా మిగిలేది."