అక్క కోసం ఎండిన మాంసం

వెర్డెల్ కత్తి మాంసపు ముద్దలో అడ్డంగా దిగి, చివరిదాకా పోకుండా ఆగింది. ముద్దను తిప్పి మళ్ళీ కోసింది. చుట్టిన చాప విప్పినట్టు అడవిదున్న మాంసం ఒకే పొరగా బల్ల మీద పరుచుకుంది. చిల్లు పడలేదు. ఆమెవి లావుపాటి వేళ్ళు, కణుపుల దగ్గర వాచి ఉంటాయి. తలకి జాలీ టోపీ, ముందు రబ్బరు గుడ్డ. ఏళ్ళ తరబడి ఆ షెడ్డులో అదే బల్ల దగ్గర నిలబడుతోంది. ఆమె మాట్లాడితే వింతగా చూసేవాళ్ళే గానీ, మాట్లాడలేదని అడిగినవాళ్ళు లేరు.

ఆ మాంసాన్ని ఆరబెట్టి, దంచి, ఎర్రపళ్ళు కలిపి, పుల్లల్లా ఒత్తి రంగు ప్యాకెట్లలో పట్నాలకు పంపుతారు. అమెరికా గడ్డి మైదానాల్లో బతికే లకోటా తెగవాళ్ళ పాతకాలపు తిండి ఇప్పుడు పెద్ద కొట్లలో చాక్లెట్ల పక్కన కూర్చుంది.

కొక్కేనికి తగిలించిన గుడ్డమూటలో ఉన్నది వేరు. అది వెర్డెల్ ఇంట్లో వంటింటి తాడు మీద, ఉప్పు తగలకుండా ఎండింది. అక్క ఇమోజీన్ కోసం. ఇమోజీన్ డయాలసిస్ మానేసి ఇంటికొచ్చేసింది. "సూదులు చాలే. పోయేలోపు అమ్మ చేసినట్టు ఎండుమాంసం తినాలనుంది. ప్యాకెట్టుది తెచ్చావో, నీ మొహాన కొడతా" అంది. వెర్డెల్ పొద్దున్నే అక్క దగ్గరికి వెళ్ళాల్సింది. షెడ్డు నడిపే రోషెల్, వరసకి కూతురు, బతిమాలింది: "ఈ ఒక్కపూట ఉండు పిన్నీ. డెన్వర్ కొట్టువాళ్ళు చూడ్డానికొస్తున్నారు."

మధ్యాహ్నం ఆ కొట్టు తరఫున ఒకావిడ వచ్చింది. అంతా చూసి, పాతపద్ధతిలో చేసింది రుచి చూడాలంది. రోషెల్ మూట వైపు చూసింది. వెర్డెల్ మూట విప్పి ఒక ముక్క ఇచ్చింది. ఆవిడ నమిలి కళ్ళు మూసుకుంది.

"అబ్బ, ఎంత బావుందో! ఇలాంటిది పుట్టి బుద్ధెరిగి తినలేదు."

ఇంటికొచ్చిన మనిషి ఎదురుగా నిలబడి అంతగా మెచ్చుకున్నాక ఆ వస్తువు ఇక మనది కాదు, అది లకోటాల ఆచారం. వెర్డెల్ ఆలోచించలేదు. చేతులు వాటంతటవే మూటకట్టి ఆవిడ చేతిలో పెట్టాయి. ఒక్క ముక్క ఇచ్చినా సంతోషపడేదే ఆ మనిషి, మొత్తం సంచిలో వేసుకుని కృతజ్ఞతలు చెప్పి వెళ్ళిపోయింది.

కారు మలుపు తిరిగాక వెర్డెల్‌కి ఖాళీ కొక్కెం కనబడింది.

"అయ్యో పిన్నీ, మొత్తం ఎందుకిచ్చావు? ఫోన్ చేసి వెనక్కి..."

"నోర్ముయ్. ఇచ్చింది అడుగుతామా?"

రోషెల్ తల దించుకుని, అరలోంచి రెండు ప్యాకెట్లు తీసి ఆమె జేబులో కుక్కింది.

వెర్డెల్ వెళ్ళేసరికి ఇమోజీన్ కిటికీ పక్క మంచం మీద ఉంది. మొహం ఉబ్బి, పెదవులు పగిలి ఉన్నాయి.

"తెచ్చావుటే?"

వెర్డెల్ మంచం అంచున కూలబడి జరిగింది చెప్పింది. చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. కడసారి అడిగిన ఒక్క కోరికా తీర్చలేకపోయానని కుమిలిపోయింది.

ఇమోజీన్ చప్పుడు లేకుండా నవ్వింది. "ఓసి పిచ్చిదానా! ఇవ్వకుండా వచ్చుంటే, పైలోకంలో అమ్మ నన్ను గుమ్మం తొక్కనిస్తుందా? ఇంతకీ ఆవిడకి నచ్చిందా?"

"కళ్ళు మూసుకుని తింది."

"ఇంకేం మరి. ఆ జేబులోదేంటి? చింపు."

పుల్ల నోట్లో పెట్టుకుని మొహం చిట్లించింది. "ఛీ, మిఠాయిలా ఉందే." కానీ ఉమ్మలేదు. చప్పరిస్తూ కిటికీలోంచి గడ్డి మైదానం చూసింది.

"మళ్ళీ ఎండబెడతానక్కా. రేపే మొదలెడతా."

"అలాగేలే" అంది ఇమోజీన్, చంటిపిల్లతో అన్నట్టు.

కొండల వెనక వెలుగు పోయేసరికి ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరిగింది. ఒకటి వచ్చింది. తర్వాతి దాని కోసం వెర్డెల్ అక్క చెయ్యి పట్టుకుని చాలాసేపు ఎదురుచూసింది. ఆపైన ఇల్లు దద్దరిల్లేలా అరిచి ఏడ్చింది.

పోయినవాళ్ళకి దారిలో తినడానికి పళ్ళెం పెట్టాలి. అక్క గుప్పిట విప్పి, అందులో ఉన్నది పళ్ళెంలో వేసి, వాకిట్లో మెట్టు మీద పెట్టింది. పుల్ల ఒక కొస నాని పాలిపోయి ఉంది. రెండో కొస ముట్టనిది ముట్టనట్టే ఉంది.