ఏ శీర్షిక కింద?

కోనసీమలో ఒక వస్తువు బాగుందో లేదో తెలుసుకోవాలంటే ఎవరినీ అడగకూడదు. అడిగితే బాగుందనే అంటారు. ఉప్పు లేని పప్పు వడ్డించినా "అమోఘమండీ" అంటూ మారు వేయించుకుని తినే జనం. అమలాపురంలోనే పుట్టి పెరిగిన సూర్యకుమారికి ఈ సంగతి తెలియనిది కాదు. కానీ తను వండినదాని దగ్గరకొచ్చేసరికి ఎంతటివాళ్లకైనా తెలివి మందగిస్తుంది.

ఆమె వండినది పప్పు కాదు, కంప్యూటరు ప్రోగ్రాం. అది 2003. ఎరువుల కొట్టు మీద రెండు గదులు అద్దెకు తీసుకుని శివనాగరాజు గారనే ఆయన, తెలుగులో పుస్తకాలు రాసుకునేవాళ్ల కోసం 'పొందిక' అనే సాఫ్ట్‌వేరు తయారు చేయిస్తున్నారు. అక్షరాల సంగతి, అచ్చు సంగతి ఆయనే చూసుకున్నారు. రాసేవాళ్లు తమ నోట్సును ఒక క్రమంలో పెట్టుకునే భాగం సూర్యకుమారికి అప్పగించారు. కాకినాడలో ఎం.సి.ఏ. చదివొచ్చిన మనిషి, పోపుల డబ్బాలో ఆవాలూ మెంతులూ కలిసిపోతే ఆ పూట అన్నం సయించని మనిషి. ఆ పని ఆమెకే రాసిపెట్టి ఉంది.

ఎనిమిది నెలలు కూర్చుని కట్టింది. తెరకు ఎడమ పక్కన పుస్తకం మొత్తం అంచెలంచెలుగా కనిపిస్తుంది. అధ్యాయం, దాని కింద శీర్షికలు, శీర్షికల కింద చీటీలు. ఒక అధ్యాయాన్ని పట్టుకుని పైకి లాగితే దాని కిందివన్నీ పెళ్లికొడుకు వెనక చుట్టాల్లా కదిలి వస్తాయి. కొత్త చీటీ కోసం మీట నొక్కగానే ఒక పెట్టె తెరుచుకుని "ఏ శీర్షిక కింద?" అని అడుగుతుంది. జవాబు చెప్పందే కాగితం రాదు. ఆ పెట్టె అంటే సూర్యకుమారికి ప్రాణం. అదొకటి కాపలా ఉంటే ప్రపంచంలో ఒక్క చిత్తు కాగితం కూడా దారి తప్పదని ఆమె నమ్మకం. ఎటూ తేల్చుకోలేనివాళ్ల కోసం, తన మనసొప్పకపోయినా, అట్టడుగున 'ఇతరములు' అని ఒక శీర్షిక పెట్టింది.

వాడి చూడమని ముగ్గురికి ఇచ్చారు. రాజోలు ప్లీడరు గారు "బ్రహ్మాండమండీ" అన్నారు. రాయవరంలో వరిసాగు మీద పుస్తకం రాస్తున్న కామేశ్వరరావు గారు "ఇంతకంటే ఏం కావాలండీ" అన్నారు. కొత్తపేట భవానీదేవి గారైతే ఫోను చేసినప్పుడల్లా "ఆయ్, చాలా బాగుందండీ" అనడం తప్ప ఇంకో మాట అన్న పాపాన పోలేదు.

ఈ భవానీదేవి గారు ముప్ఫయ్యేళ్లకు పైగా గోదావరి లంకల్లో కాన్పులు చేసిన గవర్నమెంటు నర్సు. రిటైరయ్యాక, కొత్తగా ఉద్యోగంలో చేరే నర్సు పిల్లలకు పనికొస్తుందని తన అనుభవాలు పుస్తకంగా రాస్తున్నారు. శివనాగరాజు గారు ఒక పాత కంప్యూటరు ఆవిడింట్లో పెట్టించారు. వచ్చే సోమవారం రాజమండ్రిలో పుస్తకాలు వేసేవాళ్ల ముందు పొందికను చూపించాలి. చూపించడానికి నిజమైన పుస్తకం ఒకటి చేతిలో ఉండాలి. అందుకని ఆవిడ రాసినవన్నీ ఫ్లాపీలో ఎక్కించుకు రమ్మని గురువారం పొద్దున్నే సూర్యకుమారిని కొత్తపేట బస్సు ఎక్కించారు.

భవానీదేవి గారు ఎదురొచ్చి, కాళ్లకు నీళ్లిచ్చి, బొండాం చేతిలో పెట్టి, అప్పుడు కంప్యూటరు మీద కప్పిన లేసు గుడ్డ మడతపెట్టారు. సూర్యకుమారి ధీమాగా కూర్చుని పుస్తకం తెరిచింది.

'గర్భిణి సంరక్షణ' ఖాళీ. 'కాన్పు' ఖాళీ. 'బాలింత జాగ్రత్తలు' ఖాళీ. మొదటి రోజు ఆవిడని అడిగి తనే వేసిచ్చిన పదకొండు శీర్షికలూ ఖాళీ. అట్టడుగున 'ఇతరములు' కింద మాత్రం మూడు వందల నలభై రెండు చీటీలు. సూర్యకుమారికి ఏడుపొచ్చినంత పనయింది.

"ఏంటండీ ఇది? బాగుంది, బాగుంది అన్నారు కదండీ?"

"బాగుందండీ. బోల్డు కష్టపడి చేసేరు కదా, బాగోలేదని ఎందుకంటాను?"

"మరి శీర్షికలన్నీ ఖాళీగా వదిలేసేరేంటండీ?"

ఆవిడ కొంగు సర్దుకున్నారు. తప్పు చేసిన పిల్లలా మంచం చివర కూర్చున్నారు.

"అంటే ఏంటంటేనండీ, నాకు ఒక్కో సంగతీ ఎప్పుడో జ్ఞాపకం వస్తాది. బియ్యం ఏరుకుంటుంటే వస్తాది. గబగబా వచ్చి కూర్చుంటే మీ పెట్టె ఎక్కడ పెడతావని అడుగుతాది. రాయకుండా నాకేం తెలుస్తాదండీ? కొబ్బరి దింపు తీసేవాడు చెట్టు మీదుండగానే కాయలు ఏరడు కదా. ముందు కింద పడాలి. రాశి పోసేక కదండీ, ఏది పెద్ద కాయో, ఏది గొడ్డు కాయో చూసేది!"

"ఈ మాట మొదటి రోజే చెప్పుంటే..."

"బాగుంటాదా అండీ? మీరంత ముచ్చటగా చూపిస్తుంటే."

సూర్యకుమారికి ఆవిడ మీద కోపం వచ్చింది. మరుక్షణం తన మీద వచ్చింది. రెండూ మింగి, "పోనీలెండి. చీటీలన్నీ ఉన్నాయి కదా, నేను కూర్చుని సర్దిపెడతాను" అంది.

"అన్నీ లేవండీ. ఒకటి రాయలేదు. అది లేకపోతే ఈ పుస్తకం అబద్ధమండీ. అచ్చు వెయ్యొద్దనే చెప్తాను."

"రాయకపోవడమేంటండీ?"

"నాలుగుసార్లు కూర్చున్నాను. పెట్టె అడుగుతాది. పైనున్న పేర్లు ఏవీ ఆ తల్లికి నప్పవు. ఇంక చివరిదే మిగిలింది." ఆవిడ కాసేపు తెర వైపే చూశారు. "ఆ తల్లి ఇతరములు కాదండీ."

బొండాం పక్కన పెట్టేసి సూర్యకుమారి వింది. 1981 మాట. లంకలో ఒక మోతుబరి ఇంట మనవణ్ణి భూమ్మీద పడేసి నర్సమ్మ గారు బయల్దేరబోతున్నారు. అప్పుడే అదే ఊరి చివరి పాకలోంచి ఒక పిల్ల వచ్చి అరుగు కింద నిలబడింది. దాని వదిన పేరు వెంకటదుర్గ. ఇరవయ్యేళ్లు, తొలి కాన్పు. "వదినకి కొంచెం నలతగా ఉందండీ. మీరు భోంచేసే రండి, తొందరేం లేదండీ" అంది. ఇంటివాళ్లు అప్పటికే ఆకు వేసేశారు. మనవడు పుట్టిన ఇంట్లో తినకుండా లేస్తే చిన్నబుచ్చుకుంటారు. తొందరుంటే ఆ పిల్లే చెప్పేది కదా అనుకుని ఆవిడ కూర్చున్నారు. పులిహోర, రెండు కూరలు, చివర పాయసం. మారు వడ్డించినా వద్దనలేదు. తీరా పాకకి వెళ్లేసరికి నెత్తురు చాప దాటి మట్టిలోకి వచ్చేసింది. బిడ్డ దక్కాడు. తల్లి దక్కలేదు.

"కబురు తెచ్చిన పిల్ల అబద్ధం చెప్పలేదండీ. అంత పెద్దింట్లో ఆకు ముందు నుంచి నన్ను లేవమనడం దానికి బాగోలేదు. లేవడం నాకు బాగోలేదు."

మొహమాటానికి పోతే కడుపయిందని సామెత చెప్పుకుని నవ్వుకుంటాం. ఈ మొహమాటంలో నవ్వడానికేం లేదు. సూర్యకుమారి లేచి లేసు గుడ్డ మళ్లీ కంప్యూటరు మీద కప్పింది. ఫ్లాపీ సంచిలోంచి తీయకుండానే మధ్యాహ్నం బస్సుకు తిరిగొచ్చింది.

శివనాగరాజు గారితో "ఆ పెట్టె తీసేయాలండీ" అనడానికి ఆమెకు అరగంట పట్టింది. చేరినప్పటి నుంచి ఆయన మాటకు ఎదురు చెప్పిన మనిషి కాదు. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"సూర్యకుమారి గారూ, ఇవాళ గురువారమండీ. సోమవారం చూపించాలి. ముగ్గురూ బాగుందన్నారు కదా."

"మనవైపు బాగోలేదని చెప్పేదెవరండీ?"

అని ఊరుకోలేదు. ఆయన ముందే రాయవరం ఫోను చేసింది. ఎలా ఉందని ఈసారి అడగలేదు. "కామేశ్వరరావు గారూ, మీ 'ఇతరములు'లో ఎన్ని చీటీలున్నాయండీ?" అంది. "రెండొందల పైచిలుకేనండీ. అయినా మీరేం అనుకోకండి, బాగానే ఉందండీ" అన్నారాయన. రాజోలు ప్లీడరు గారు ఇంకా మంచివారు. ఆయన అసలు తెరవనే లేదు. శివనాగరాజు గారు కళ్లజోడు మళ్లీ పెట్టుకుని "సరే, తీసేయండి. సోమవారానికి నిలబడాలి మరి" అన్నారు.

తీయడమంటే ఇంట్లో ఒక తలుపు తీయడం కాదు. ప్రతి చీటీ ఏదో ఒక శీర్షికకు కట్టేసి ఉండేలా మొత్తం అల్లింది తనే. ఒక ముడి విప్పితే మూడు చోట్ల జారిపోయేది. తన చేత్తో కట్టినది తనే విప్పుకోవడం ఆమెకు బాధగానే ఉంది. శుక్రవారమంతా, శనివారమంతా ఆ పని మీదే ఉంది. ఇప్పుడు మీట నొక్కితే తెల్లకాగితం వస్తుంది, ఏమీ అడగదు. శీర్షిక లేని చీటీలు కుడి పక్కన, రాసిన వరసలో, ఎన్నాళ్లయినా అలాగే ఉంటాయి. తోచినప్పుడు చేత్తో పట్టుకుని శీర్షిక కిందకు లాక్కోవచ్చు. ఒకే చీటీ రెండు చోట్లా ఉండొచ్చు. రాసిన చీటీల్లోంచే కొత్త శీర్షిక పుట్టించుకోవచ్చు. అన్నీ అయ్యాక 'ఇతరములు' అనే మాటను తీసేసింది. అదొక్కటి తీసేటప్పుడు మాత్రం ఏ బాధా కలగలేదు.

ఆదివారం పొద్దున్న కొత్తపేట వెళ్లి కొత్తది ఎక్కించింది. భవానీదేవి గారు కుర్చీలో కూర్చుని మీట నొక్కారు. తెల్లకాగితం వచ్చింది. ఆవిడ చేతులు ఒళ్లో పెట్టుకుని ఎదురుచూశారు.

"అడగదా అండీ?"

"అడగదండీ."

ఆవిడ ఒంటివేలితో మొదలుపెట్టారు. పక్కన ఉంటే బాగుండదని సూర్యకుమారి అరుగు మీదకెళ్లి కూర్చుంది. లోపల మీటల చప్పుడు కాసేపు వినిపించేది, చాలాసేపు ఆగేది, మళ్లీ వినిపించేది. ఆగినప్పుడల్లా సూర్యకుమారి లేవబోయి మళ్లీ కూర్చుంది. గంటన్నర తర్వాత పిలుపొచ్చింది.

చీటీ పూర్తయింది. చిన్నదే, పదిహేను వరసలు. ఆవిడ కళ్లు ఎర్రగా ఉన్నాయి కానీ గొంతు నిలకడగానే ఉంది.

"దీనికి పేరు పెట్టాలంటే ఎలాగండీ?"

సూర్యకుమారి చూపించింది. ఆవిడ ఒక్కో అక్షరం వెతుక్కుంటూ 'మొహమాటం' అని కొట్టారు. చీటీని దాని కిందకు లాగారు. తర్వాత కుడి పక్కనున్న మూడు వందల నలభై రెండూ మొదటి నుంచి చదవడం మొదలుపెట్టారు. నెత్తురు పోతోందని అత్తగారికి చెప్పలేక రెండు రోజులు దాచిన కోడలు ఆ శీర్షిక కిందకు వచ్చింది. ఇప్పుడే తిని పడుకున్నాడని పడవ వాణ్ణి లేపలేకపోయిన మొగుడు వచ్చాడు. చుట్టాలు వెళ్లేదాకా నొప్పులు ఓర్చుకున్న ఇల్లాలు వచ్చింది. డాక్టరు గారు రాసిన మందు తప్పని తెలిసీ ఆయన ముందు నోరు మెదపని నర్సు వచ్చింది. ఆ నర్సూ ఆవిడే.

మధ్యాహ్నం మూడయ్యేసరికి అరవై ఒక్క చీటీలు చేరాయి. సూర్యకుమారి వేసిచ్చిన పదకొండు శీర్షికల్లో ఎక్కడా లేని అధ్యాయం అది. భవానీదేవి గారు దాన్ని పట్టుకుని అన్నిటికంటే పైకి లాగారు. అరవై ఒక్కటీ దాని వెంట కదిలాయి.

"ఇదండీ మొదటి అధ్యాయం. ఇప్పుడు పట్టుకెళ్లండి."

సూర్యకుమారి ఫ్లాపీ చేతిలో పట్టుకుని తటపటాయించింది. "రేపు రాజమండ్రిలో పదిమంది చూస్తారండీ. ఆ మొదటి చీటీలో మీ పేరు తీసేయమంటారా? లేకపోతే ఆ చీటీ ఒక్కటి దాచేయమన్నా దాచేస్తాను. వాళ్లు మీ గురించి ఏమనుకుంటారో..."

"ఉండనివ్వండమ్మా. వెంకటదుర్గ పేరూ ఉండాలి, నా పేరూ ఉండాలి. ఏమనుకుంటారోననే కదా, ఆవేళ పాయసం తిన్నాను."