కారుకంటే ముందు కుండీలు

గేటు పక్కన ఆఖరి కుండీని గుంటలోకి దించి, దాని అంచు కనబడకుండా చుట్టూ మట్టి సర్ది, అరచేత్తో గట్టిగా అదిమాడతను. నాలుగడుగులు వెనక్కి వెళ్ళి, మెడ పక్కకి వాల్చి చూశాడు. మొక్క అక్కడే పుట్టి అక్కడే పెరిగినట్టుంది. మరీ దగ్గరికొచ్చి చూస్తే గుట్టు బయటపడుతుంది గాని, అంత దగ్గరికి ఎవరొస్తారు? వచ్చినవాళ్ళు కారు దిగి, ఎండ చూసి, మళ్ళీ కారెక్కుతారు. ఆ ధైర్యం మీదే ఇన్నాళ్ళూ బండి నడుస్తోంది.

అతనికి నలభై దాటాయి. ప్యాంటు మోకాళ్ళ మీది మట్టి మరకలు ఎన్ని ఉతుకులకీ పోవు. కుడి బొటనవేలి గోరు ఒకసారి కుండీ కింద నలిగి నల్లబడింది, అలాగే ఉండిపోయింది. అందరూ అతన్ని కుండీలాయన అంటారు. సొంత పేరు పెట్టి పిలిస్తే ఈమధ్య అతనే వెనక్కి తిరగడం మానేశాడు.

గేటు మీద ‘ప్రత్యేక ఆర్థిక మండలి’ అని ఇత్తడి అక్షరాలున్నాయి. అందరి నోటా అది జోను. లోపల విమానం దిగేంత వెడల్పు రోడ్డు, దాని పొడవునా దీపపు స్తంభాలు, ఒక పెద్ద రేకుల షెడ్డు, మిగతాదంతా ముళ్ళకంప. పేరు గొప్ప, ఊరు దిబ్బ. ఏ పరాయి దేశపు కంపెనీవాళ్ళయినా చూడటానికొస్తున్నారంటే మాత్రం ఆ దిబ్బ మీద రాత్రికి రాత్రి తోట లేస్తుంది. షెడ్డులో కుళాయి తిప్పితే గాలి తప్ప ఏమీ రాదు. కుండీలకి మాత్రం ట్యాంకరుతో నీళ్ళొస్తాయి.

“ముందు వాళ్ళకి పచ్చగా కనపడాలయ్యా. నీళ్ళూ కరెంటూ తర్వాత మాట్లాడుకోవచ్చు,” అంటాడు మేనేజరు.

చిక్కల్లా కుండీలు అన్నిచోట్లకీ చాలకపోవడమే. అందుకు మేనేజరే ఒక ఉపాయం కనిపెట్టాడు. గేటు దగ్గర స్వాగతం అయి, వచ్చినవాళ్ళు కార్లెక్కగానే కుండీలు ట్రాక్టరెక్కుతాయి. కార్లు పెద్దరోడ్డు మీద చుట్టూ తిరిగి వచ్చేలోపు ట్రాక్టరు వెనకబాటన అడ్డంపడి షెడ్డు ముందు కుండీల్ని దించేస్తుంది. వాళ్ళు షెడ్డు లోపల తిరుగుతుంటే అవే కుండీలు మళ్ళీ ట్రాక్టరెక్కి, ఉపన్యాసాలు జరిగే టెంటుకి చేరతాయి. అతిథులు ఎక్కడ దిగినా అవే మొక్కలు ఎదురొచ్చి నవ్వుతాయి.

ఈరోజు కుండీలు మరీ తగ్గాయి. మొన్నటి ఎండకి కొన్ని మాడిపోయాయి. వరస మధ్యలో పన్నూడినట్టు ఖాళీ కనబడుతుంటే, చేసేది లేక తన ఇంటి ముందున్న నిమ్మమొక్కని కుండీతో సహా మోసుకొచ్చి పెట్టాడు. క్రోటన్ల మధ్య అది బక్కగా, ముళ్ళతో, కూలిపనికొచ్చిన చుట్టంలా ఉంది. అయినా కాకిపిల్ల కాకికి ముద్దు. దానికి ఒకే ఒక్క కాయ, ఇప్పుడిప్పుడే పసుపు తిరుగుతోంది.

ఆ కాయ గురించే పొద్దున భార్యతో మాటా మాటా వచ్చింది.

వాళ్ళది గోడ బయట వరసగా కట్టిన ఒంటిగది ఇళ్ళలో ఒకటి. పిల్లలు లేరు. ఉన్నది ఇద్దరే. వాళ్ళ పొలం ఇప్పుడు రేకుల షెడ్డు కింద ఉంది. భూమి తీసుకున్నప్పుడు ఇంటికో ఉద్యోగం అన్నారు. అతనికి చదువు లేదు కాబట్టి ఆమెని కుట్టు శిక్షణకి పంపారు. ఆమె చెయ్యి చురుకు. కరెంటు మిషను మీద చొక్కా కాలరు తిప్పుతుంటే శిక్షకురాలు మిగతావాళ్ళని పిలిచి చూపించేది. కంపెనీ రాకముందే పనిలో వేసుకునే నీలం కోటు కూడా కుట్టించి ఇచ్చారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అని నవ్వుకుంటూనే దాన్ని గోడకి తగిలించింది. అప్పటినుంచి అది గోడకే ఉంది. ఒక కంపెనీ వస్తున్నానంది, ఇంకొకటి వచ్చి చూసి వెళ్ళింది, మూడోది ఉత్తరమే రాయలేదు. ఈలోగా ఆమెకి వయసు మీదపడుతోంది. ముప్పై అయిదు దాటితే ఏ కంపెనీ తీసుకోదు.

దూరాన ఎక్కడో ఇలాంటి జోనే ఇంకోటి ఉంది. అక్కడ మిషన్లు నిజంగానే తిరుగుతున్నాయట. ఆడవాళ్ళకి హాస్టలు కూడా అక్కడే. సంవత్సరానికి ఒకసారి సెలవు. వాళ్ళ వ్యాను ఈ సాయంత్రం గేటు బయట టీకొట్టు దగ్గరికొస్తుంది. ఆమె నిన్ననే సంచి సర్దుకుంది.

“ఆ కాయ కోసిపెట్టవయ్యా,” అంది పొద్దున, జుట్టు ముడేసుకుంటూ. “బండెక్కితే నాకు కడుపులో తిప్పుతుంది. వాసన చూసుకుంటాను.”

“దేనికి? ఇవాళ వచ్చేవాళ్ళు సంతకం పెట్టేస్తారు. మేనేజరుగారే చెప్పాడు. సాయంత్రం నువ్వే వ్యానుని పొమ్మంటావు.”

“ఆయన చెప్పనిదెప్పుడు?”

“ఈసారి అలాక్కాదు.”

“కోయవన్నమాట.”

“అవసరం లేదంటున్నాగా.”

ఆమె సంచి మూతి బిగించి కట్టింది. అతనికి మాత్రం ఆ కాయ కోస్తే ఆమెని చేతులారా బండెక్కించినట్టే అనిపించింది. కోయనంతసేపూ ఆమె వెళ్ళదు. ఆ మాట పైకి అంటే నవ్వుతుంది. అందుకే కుండీ భుజానికెత్తుకుని వచ్చేశాడు.

కార్లు వచ్చాయి. అందరికంటే ముందు ఒక పెద్దావిడ దిగింది. పొడగరి, నెరిసిన జుట్టు, గడ్డి టోపీ. కంపెనీలో ఆవిడదే పెద్దరికమని మేనేజరు నడుం వంపు చూస్తేనే తెలుస్తోంది. ఆవిడ పుష్పగుచ్ఛం పక్కవాళ్ళ చేతికిచ్చేసి, ఎవరూ రారనుకున్నంత దగ్గరికి వచ్చేసింది. తిన్నగా నిమ్మమొక్క ముందు వంగి, ఆకు నలిపి వాసన చూసింది. ఏదో అడిగింది. దుబాసీ నోరు తెరిచేలోపే మేనేజరు అందుకున్నాడు.

“తీసుకోండి మేడం, తీసుకోండి! మన నేల మహత్యం!”

ఆవిడ కాయని లాగింది. కాయతోపాటు చిన్న రెమ్మ కూడా చీలి వచ్చింది. గేటు చాటున నిలబడ్డ కుండీలాయన ఒక్క అడుగు ముందుకేసి, ఆగిపోయాడు. ఏమని అరుస్తాడు? అది మా ఆవిడదండీ అని?

కార్లు కదిలాయి. తర్వాత అంతా పరుగే. ఎత్తు, ట్రాక్టరెక్కించు, దించు, మట్టి సర్దు. షెడ్డు దగ్గర ఆవిడ కుండీల వైపు చూడకుండానే లోపలికి వెళ్ళిపోయింది. అమ్మయ్య అనుకుని మళ్ళీ ఎత్తించారు. నిమ్మమొక్కని వెనకే వదిలేయాలని అతనికి తట్టకపోలేదు. కాని చేతులు అలవాటు ప్రకారం దాన్నీ ఎత్తేశాయి. టెంటు దగ్గర చీలిన కొమ్మని టెంటు గుడ్డ వైపు తిప్పేలోపే కార్లు వచ్చేశాయి.

ఆవిడ ఈసారీ తిన్నగా దాని దగ్గరికే వచ్చింది. చేతిలోని కాయకున్న రెమ్మని చీలిన కొమ్మకి ఆనించి చూసింది. అతుకు సరిగ్గా కుదిరింది. ఆవిడ వెనక్కి తిరిగి తనవాళ్ళతో ఏదో అంది. అందరూ గొల్లుమన్నారు. దుబాసీ ఆ మాటని తెలుగులోకి మార్చలేదు, ఎవరూ మార్చమనీ అడగలేదు. మేనేజరు కూడా నవ్వాడు. నవ్వుతున్నవాడి చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

ఉపన్యాసాలు తొందరగానే అయ్యాయి. సంతకానికని వేసిన బల్ల మీద పెన్ను మూత తీయకుండానే పడి ఉంది. కార్లు దుమ్ము లేపుకుంటూ పోయాయి.

“నీ నిమ్మమొక్క తగలెయ్య!” మేనేజరు అతని మీదకి వచ్చాడు. “ఎవడు తెమ్మన్నాడయ్యా దాన్ని? కోట్ల పని ఒక్క కాయతో నాశనం చేశావు! కుండీలన్నీ షెడ్డులో చేర్చేదాకా నువ్వు గేటు దాటావంటే చూడు.”

అతను తలొంచుకుని వినేశాడు. కోపం రాలేదు. తనే చేశాడు. తన మొక్కే, తన చేతులే. భార్య ఉద్యోగాన్ని మోసుకొచ్చి వాళ్ళ నోటి ముందు పెట్టి నవ్వించింది తనే.

కుండీలెక్కిస్తూ ట్రాక్టరు డ్రైవరు అతని మొహం చూశాడు. వరసకి బావమరిది.

“ఊరుకో బావా. దుబాసీ నాతో టీ తాగుతూ చెప్పాడు. వీళ్ళు పోయిన వారమే ఇంకో దేశంలో ఖాయం చేసుకున్నారట. ముందే మాటిచ్చారు కదాని ఊరికే మొహం చూపించి పోయారు. నీ కాయ ఉన్నా అంతే, లేకున్నా అంతే.”

ఈ మాటతో అతని కడుపు చల్లబడాలి. కాని అప్పుడొచ్చింది కోపం. తప్పు తనదైతే కనీసం తన నెత్తిన తను కొట్టుకునేవాడు. ఇప్పుడు ఎవర్ని కొట్టాలి? వాళ్ళకి ముందే తెలుసు. తెలిసీ దిగారు, వాసన చూశారు, నవ్వారు. ఇన్నేళ్ళూ తను ముందు పరిగెత్తి పచ్చగా కనిపించింది ఎవరికి? చేతిలో ఉన్న క్రోటన్ కుండీని ట్రాక్టరులోకి దించలేదు, విసిరేశాడు. అది పగిలింది.

“నేను దింపుకుంటాలే. నువ్వు పో, అక్క బయల్దేరి ఉంటుంది,” అన్నాడు డ్రైవరు.

బల్ల పక్కనుంచి పరిగెత్తబోతూ ఆగాడు. పెన్ను పక్కనే నిమ్మకాయ ఉంది. ఆవిడ మర్చిపోయిందో, వదిలేసిందో. తొక్క మీద గోటి గాటు. దాన్ని జేబులో వేసుకుని గేటువైపు పరిగెత్తాడు.

వ్యాను ఇంజను అప్పటికే ఆడుతోంది. ఆమె కిటికీ పక్కన కూర్చుంది, ఒళ్ళో సంచి, ముక్కుకి చీరకొంగు అడ్డం పెట్టుకుని. అతన్ని చూసి కొంగు దించింది.

“అయిందా నీ తోట?”

అతనికి ఆయాసం. చెప్పాలనుకున్నది ఒకటి, వచ్చింది ఇంకొకటి.

“నచ్చిందన్నారే. బాగా నచ్చిందట. వచ్చే నెల మళ్ళీ వస్తారట. అప్పుడు ఖాయం. పెద్దావిడ మన మొక్క దగ్గరే నిలబడింది, తెలుసా? రెండుసార్లు. వాళ్ళొచ్చాక నిన్ను పిలిపిస్తా. వాళ్ళకి చెయ్యి తిరిగినవాళ్ళు కావాలి కదా. మేనేజరుగారితో చెప్పి...”

ఆమె అతని మొహంలోకి చూసింది. అబద్ధం చెప్పేటప్పుడు అతను ఆగకుండా మాట్లాడతాడని ఆమెకి తెలుసు.

“సరేలే,” అంది. కిటికీలోంచి చెయ్యి చాపి అతని భుజం మీది మట్టి దులిపింది. “వేళకి తిను. మొక్కలకి పోసే నీళ్ళు నువ్వూ కాసిని తాగు.”

“కోటు తీసుకెళ్ళలేదా?”

“అక్కడ వేరేది ఇస్తారట.”

వ్యాను కదిలింది. ఆమె మళ్ళీ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. మలుపు తిరిగేదాకా అతను చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. ఊపిన చెయ్యి దించి జేబులో పెట్టుకున్నప్పుడు వేళ్ళకి నున్నగా తగిలింది.

“ఆపండి!” అని అరిచాడు. టీకొట్టువాడు తలెత్తి చూశాడు. రోడ్డు మీద దుమ్ము తప్ప ఏమీ లేదు.

చాలాసేపటి తర్వాత వెనక్కి నడిచాడు. టెంటు విప్పేశారు, కుండీలన్నీ వెళ్ళిపోయాయి. మేనేజరు మాటకి భయపడి కాబోలు, నిమ్మమొక్కని ఒక్కదాన్నే డ్రైవరు ట్రాక్టరెక్కించలేదు. దాని ముందు చతికిలబడి కుండీ అంచున తల ఆనించి ఏడ్చాడు. లేచి వెళ్ళేటప్పుడు దాన్ని ఎత్తుకోవడానికి చేతులు రాలేదు. చీలిన కొమ్మ కింద, కుండీ మట్టి మీద, గోటి గాటు పడ్డ నిమ్మకాయ ఉంది.