తెల్లపుంజు ఉన్న పేజీ

అట్టపెట్టె తెరిచి మొదటి ప్రతి చేతిలోకి తీసుకున్నప్పుడు నోర్మిందా టీచర్ మొహం వెలిగిపోయింది. పదకొండో పేజీకి వచ్చేసరికి ఠక్కున పుస్తకం మూసి, మళ్లీ తెరిచింది.

ఆ పేజీలో తెల్లవారుజాము నది ఉంది. ఒడ్డున నీలం లారీ ఉంది. ఇద్దరు మనుషులు లారీలోంచి పీపాలు దించి, పసుపుపచ్చ నీళ్లు నదిలోకి వంపుతున్నారు. పక్కన నిలబడి అజమాయిషీ చేస్తున్న బొజ్జమనిషి చంకలో తెల్ల కోడిపుంజు ఉంది.

టీచర్ మెల్లిగా తలెత్తి చూసింది. రేకుల కప్పు కింది బాస్కెట్‌బాల్ కోర్టులో పుస్తకావిష్కరణకి ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. మొదటి వరసలో సరిగ్గా మధ్యన ఊరిపెద్ద కపితాన్ అనిసేతో కూర్చుని ఉన్నాడు. ఒళ్లో తెల్లపుంజు. పెళ్లికెళ్లినా, చావుకెళ్లినా ఆయన దాన్ని వదలడు. తగ్బావ్ ఊళ్లో పాలు తాగే పిల్లకి కూడా ఆ పుంజు ఎవరిదో తెలుసు.

"మికా, ఇది నేను పంపిన బొమ్మ కాదు!" అంది టీచర్ గొంతు తగ్గించి.

టీచర్ కథ రాసి, మూడో తరగతి పిల్లలు బొమ్మలు గీసిన ఈ పుస్తకాన్ని మనీలాలో అచ్చు వేయించిన పిల్ల మికా. పొద్దుటి పడవలో పుస్తకాలతో పాటే దిగింది. ఇంకా పడవ తల తిరుగుడు పోలేదు గానీ హుషారుకి మాత్రం లోటు లేదు.

"మీరు పంపిందే టీచర్! కాగితానికి అటూ ఇటూ రెండు బొమ్మలున్నాయిగా. ఒకవైపు ఉత్త నది, నాలుగు చచ్చిన చేపలు. చప్పగా ఉంది. వెనక్కి తిప్పితే ఇదుంది! ఎంత ప్రాణం ఉందో చూడండి. మా ఆఫీసులో అందరం దీనికే ఓటేశాం. మీకు మెసేజ్ కూడా పెట్టాను, చూళ్లేదా?"

తగ్బావ్‌లో మెసేజ్ చూడాలంటే సిగ్నల్ కోసం కొండెక్కాలి. నోర్మిందాకి మోకాళ్ల నొప్పులు. తప్పు మికాది కాదు, మెసేజ్‌దీ కాదు. మూడో తరగతి పిల్లలకి బడిలో ఏడాదికి వచ్చేది ఒక్క కట్ట తెల్లకాగితాలు. అందుకని ముప్ఫై ఏళ్లుగా ఆవిడ పిల్లలకి ఒకటే నూరిపోసింది: కాగితానికి రెండు వైపులుంటాయి, ఒకవైపు పాడైతే పారేయకండి, తిప్పి గీయండి. మూడు నెలల కిందట రియాలిన్ అనే పిల్ల ఈ లారీ బొమ్మ తెచ్చి చూపించినప్పుడు టీచర్‌కి భయం వేసింది. "వద్దమ్మా, ఉత్త నది గియ్యి" అంది. ఎనిమిదేళ్ల పిల్ల బుద్ధిగా, టీచర్ నేర్పినట్టే, కాగితం తిప్పి గీసింది. తెలివిగల టీచర్ ఆ కాగితాన్ని అలాగే కవర్లో పెట్టి మనీలాకి పంపింది.

భయం ఊరికే వేయలేదు. నది పసుపుపచ్చగా మారి బాతులు చచ్చిపోతున్నాయని పోయినేడు మాంగ్ దియోనింగ్ అనే ముసలాయన రేడియోలో మాట్లాడాడు. వారం తిరక్కుండా, గుమ్మంలో కాఫీ తాగుతుండగా, మోటార్ సైకిల్ మీద ఇద్దరు వచ్చారు. హెల్మెట్లు కూడా తీయకుండా కాల్చి పోయారు. ఎవరో ఈ రోజుకీ తెలియదంటారు పోలీసులు. తెలియదనే అంటుంది ఊరు కూడా. కొండ మీద బంగారం కడిగే గని ఎవరిదో, ఆ కడిగిన మందునీళ్లు మోసే నీలం లారీ ఎవరిదో మాత్రం అందరికీ తెలుసు.

ఆ లారీ నడిపేది రియాలిన్ నాన్న రోడెల్. తండ్రికి అన్నం గిన్నె పట్టుకెళ్లిన పొద్దున పిల్ల అదంతా చూసింది. చూసింది చూసినట్టు గీసింది. బొమ్మ కింద అచ్చులో ఉంది: "బొమ్మ: రియాలిన్, 8 ఏళ్లు." పట్నం వాళ్లకి అదో ముచ్చట. నోర్మిందా మాత్రం ఆ అక్షరాల మీద బొటనవేలు అడ్డం పెట్టింది.

"టీచరమ్మా, మొదలెట్టండి మరి! పన్‌సిత్ చల్లారిపోతోంది" అని కేకేశాడు కపితాన్. జనం నవ్వారు. వెనకాల బల్ల మీద ఆ పన్‌సిత్ సేమియాల పళ్లాల చుట్టూ ఈగలు ముసురుతున్నాయి. మికా ఫోన్ ఎత్తి వీడియో మొదలుపెట్టింది. ఎవరో మైకు తెచ్చి టీచర్ చేతిలో పెట్టారు.

పిల్లలకి కథ చదివేటప్పుడు పుస్తకం తనవైపు పెట్టుకుని చదవకూడదు. బొమ్మలు వాళ్లకి కనబడేలా ఎదురుగా పట్టుకోవాలి. నోర్మిందా అలాగే పట్టుకుంది. పుస్తకాన్ని పొట్టకి గట్టిగా ఆనించుకుంది.

"మా నదిలో గేదెలు ఈదేవి. ఎవరు చూశారు?"

"మేం చూశాం!" అని కోర్టు దద్దరిల్లేలా అరిచారు పిల్లలు. మూడు నెలలుగా తరగతిలో ఇదే పాట. ప్రతి పేజీకీ ఆవిడ అడగాలి, వాళ్లు అరవాలి. ఈ పద్ధతి పెట్టింది కూడా ఆవిడే. ఇప్పుడు తాను తీసిన గోతిలో తనే పడ్డట్టయింది.

"మా నదిలో అమ్మలు బట్టలు ఉతికేవాళ్లు. ఎవరు చూశారు?"

"మేం చూశాం!"

కపితాన్ కూడా తొడ చరిచి "నేనూ చూశాను!" అన్నాడు. పుంజు ఉలిక్కిపడి రెక్కలు కొట్టుకుంది. అందరూ విరగబడి నవ్వారు. టీచర్ కూడా నవ్వింది. ఆరో పేజీ, ఏడు, ఎనిమిది. వెనక వరసలో రోడెల్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. వాడూ ఒకప్పుడు తన తరగతిలో ముక్కు కార్చుకుంటూ కూర్చున్నవాడే. పాపం, వాడికేం తెలుసు? కూతురి బొమ్మ పుస్తకంలో పడిందని మొహం చాటంత చేసుకుని చూస్తున్నాడు.

పదో పేజీ అయింది. టీచర్ బొటనవేలు తడి చేసుకుని రెండు కాగితాలు కలిపి తిప్పేసింది.

"మా ఊరి వాళ్లందరం వాన నీళ్లు పట్టుకోవడం..."

"టీచర్! ఒక పేజీ వదిలేశారు!"

ముందు వరసలో నేల మీద కూర్చున్న రియాలిన్ లేచి నిలబడింది. రెండు జడలు, ఊడిన ముందుపళ్లు. "నా పేజీ టీచర్! నాదే వదిలేశారు!"

"అవును టీచర్, వదిలేశారు! పదకొండు!" అని మిగతా పిల్లలు అందుకున్నారు.

"టైము లేదురా అబ్బాయిలూ, తర్వాత చూద్దాం" అంది టీచర్.

"అయ్యో పాపం, పిల్ల ఏడ్చేలా ఉంది. చూపించండి టీచరమ్మా" అన్నాడు కపితాన్. "పన్‌సిత్ ఎక్కడికీ పోదులే."

ఇక దారి లేదు. ఆవిడ పేజీ తిప్పింది.

"ఒక రోజు తెల్లారేసరికి మా నది పసుపుపచ్చగా మారిపోయింది. ఎవరు..." ఆవిడ చూపు మొదటి వరస మీద పడింది. "ఎవరు చూశారు?"

"మేం చూ..." అని చిన్నపిల్లలు నలుగురు అలవాటుగా మొదలుపెట్టారు. పక్కనున్న తల్లులు చటుక్కున వాళ్ల నోళ్లు మూశారు. ఒక తల్లి, రెండో తల్లి, ఆ వరసంతా. పుస్తకంలో రాసిన జవాబు "ఎవరూ చూడలేదు" అని. టీచరే అలా రాసింది. ఆ మాట చదవబోయి మానేసింది.

కపితాన్ లేచాడు. తీరిగ్గా వేదికెక్కి, పుస్తకం తీసుకుని, జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకున్నాడు. పుంజు చంకలోనే ఉంది. బొమ్మలో ఎలా ఉందో అచ్చం అలాగే.

"నా పుంజుకి కనురెప్పలకి వెంట్రుకలు ఎవరు పెట్టారమ్మా?" అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆయన వేలు కిందికి జారి పేరు దగ్గర ఆగింది. "రియాలిన్. ఎవరి పిల్ల ఇది?"

వెనక రోడెల్ మొహంలో నెత్తురు చుక్క లేదు. నోర్మిందా ఆ మొహం చూసింది. మాంగ్ దియోనింగ్ గుమ్మంలో పగిలిన కాఫీ కప్పు కళ్ల ముందు మెదిలింది. ఏం మాట్లాడుతోందో తనకే తెలియకుండా మాట వచ్చేసింది.

"ఆ బొమ్మ నాది కపితాన్. నేను గీశాను. పిల్లల పేర్లు పెడితే పట్నంలో ముచ్చటపడతారని పెట్టించాను."

"అబద్ధం!" రియాలిన్ గొంతు ఈలలా లేచింది. "అది నాది! టీచర్‌కి బాతు కూడా రాదు! టీచర్ బాతు గీస్తే చెప్పులా ఉంటుంది!"

పిల్లలు కిసుక్కుమన్నారు. అది నిజం కూడా.

"రియాలిన్!" అని గద్దించింది నోర్మిందా. తరగతిలో ఎప్పుడూ అంత గొంతు వాడి ఎరగదు. "అబద్ధాలాడావంటే ఊరుకోను. కూర్చో!"

పిల్ల నేల మీద చతికిలబడింది.

కపితాన్ కళ్లజోడు మీదుగా చూశాడు. "గీశారా? మంచి చెయ్యే. ఏదీ, ఇప్పుడు నా పుంజుని గీయండి చూద్దాం." అట్ట లోపలి తెల్లపేజీ తెరిచి, జేబులోంచి పెన్ను తీసి ఇచ్చాడు.

మికా ఎందుకో ఫోన్ దించేసింది. ఆ పట్నం పిల్లకీ ఏదో అర్థమవుతున్నట్టుంది.

నోర్మిందా పెన్ను పట్టుకుంది. ఎదురుగా ఉన్న పుంజుని చూసి గీయడం తన వల్ల అయ్యే పని కాదు. కానీ మూడు నెలలు రోజూ రియాలిన్ కోళ్లూ బాతులూ గీస్తుంటే భుజం మీదుగా వంగి చూసింది. ముందు గుడ్డులాంటి ఒళ్లు. తర్వాత చీపురులాంటి తోక. కాళ్లకి మూడేసి గీతలు, మూడూ వెనక్కే. చివర పెద్ద గుండ్రటి కన్ను, దానికి అయిదు వెంట్రుకలు. గీత వంకర పోయింది. పిల్ల గీత కూడా వంకరే కదా అని తనకి తాను చెప్పుకుంది.

కపితాన్ ఆ పేజీని, ఈ పేజీని మార్చి మార్చి చూశాడు. పుంజు ఒకసారి కొక్కొరొక్కో అంది.

"ఊఁ. అదే చెయ్యి" అన్నాడు. "మరి ఆ లారీ ఎక్కడ చూశారు?"

"ఎక్కడా చూడలేదండీ. కథ కదా, ఊహించి గీశాను."

"ఊహ మంచిదే." ఆయన పుస్తకం మూసి, చంకలో పుంజుని నిమిరినట్టే దాన్ని కూడా నిమిరాడు. తర్వాత ఆవిడకి మాత్రమే వినబడేలా అన్నాడు, "మీరు రోజూ నాలుగున్నర పడవలో ఒక్కరే అవతలి ఒడ్డుకి పోతారు కదూ? జాగ్రత్త టీచరమ్మా. నది ఇదివరకటిలా లేదు."

వెంటనే జనం వైపు తిరిగి చప్పట్లు కొట్టాడు. జనం కూడా కొట్టారు. పన్‌సిత్ బల్ల వైపు కుర్చీలు కదిలాయి.

నోర్మిందా మీద ఓ బండరాయి పడింది, ఇక అది ఎన్నాళ్లకి కదులుతుందో తెలియదు. కానీ ఆ రాయి పిల్ల మీద పడలేదు. ఆ ఒక్క మాటే పదేపదే అనుకుంటూ నిలబడింది.

పిల్లలు వరసగా వచ్చి, ఎప్పటిలాగే, పెద్దలకి దండం పెట్టే పద్ధతిలో, ఆవిడ చెయ్యి తీసుకుని నుదుటికి ఆనించుకుని పోతున్నారు. రియాలిన్ వంతు వచ్చింది. కదల్లేదు.

"పోవే, టీచర్ చెయ్యి అందుకో" అని నాయనమ్మ వెనకనుంచి తోసింది.

"అందుకోను. ఆవిడ నా బొమ్మ దొంగిలించింది."

గేటు దగ్గర పళ్లేలు పట్టుకుని తింటున్న కపితాన్ మనుషులు ఇద్దరు ఇటు చూశారు. రోడెల్ జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. కూతురి పక్కన నిలబడి, వాళ్లకి కూడా వినబడేలా గట్టిగా అన్నాడు, "మా పిల్లకి గొప్పలెక్కువ టీచర్. దానికి బొమ్మలు రావు. ఏమీ అనుకోకండి."

అని వంగి, కూతురు అందుకోని ఆ చెయ్యి తాను తీసుకుని నుదుటికి ఆనించుకున్నాడు. చాలాసేపు వదల్లేదు. అతని నుదురు చల్లగా, చెమటతో తడిగా ఉంది.

రియాలిన్ తండ్రిని చూసింది, టీచర్‌ని చూసింది. "నాకొచ్చు" అంది చిన్నగా. తర్వాత ఏడుస్తూ కోర్టులోంచి బయటికి పరుగెత్తింది.

వెనకాలే పరుగెత్తి ఆ పిల్లని ఒళ్లోకి తీసుకోవాలని, నీదేనమ్మా, అంతా నీదేనని చెప్పాలని నోర్మిందా ప్రాణం కొట్టుకుంది. గేటు దగ్గరి మనుషులు ఇంకా చూస్తూనే ఉన్నారు. ఆవిడ అట్టపెట్టె ముందు కూర్చుంది. ఒక్కో పుస్తకం తీసి, పదకొండో పేజీ తెరిచి, రియాలిన్ పేరు కొట్టేసి, పక్కన తన పేరు ఇంటిపేరుతో సహా రాయడం మొదలుపెట్టింది.