పొయ్యి లేని పని

“పొయ్యి ముట్టియ్యని పని గూడ ఒక పనేనా?” అంటూ మా అత్తగారు నాగమణమ్మ కీరా దోసకాయల గంప తెచ్చి నా ముందర దించింది. యాకుత్‌పురా స్టేషన్ బయట బండి మీద మామగారు బేరమాడి కొన్న కాయలవి. పైన తడి గోనెపట్టా కప్పినా అప్పటికే వడలుతున్నాయి. డెబ్బై ఎనిమిదో సంవత్సరం ఎండాకాలం. నాకు ఐదో నెల. రేకుల వసారాలో కూర్చుంటే నెత్తి మీద కాలిన పెనం బోర్లించినట్టుండేది. అయినా అత్తగారి లెక్కలో నేను విశ్రాంతి తీసుకుంటున్నాను, ఎందుకంటే నేను పొయ్యి దగ్గర లేను.

ఈ పొయ్యి గొడవ డాక్టరమ్మ మాటల్లోంచి పుట్టింది. నెల కింద దవాఖానలో ఆమె నన్ను పరీక్ష చేసి, తలుపు దగ్గర నిలబడ్డ మా ఆయన సోమశేఖర్‌ని లోపలికి పిలిచి గట్టిగానే చెప్పింది. “ఒకసారి పోయింది గదా, ఈసారి జాగ్రత్త. పండుకోవాలె. వంగొద్దు, బరువులు ఎత్తొద్దు, మెట్లు ఎక్కొద్దు, పొయ్యి కాడ నిలవడొద్దు. చుక్క రక్తం కనవడ్డా అప్పటికప్పుడు తీస్కరావాలె.” ఆయన బుద్ధిమంతుడిలా తల ఊపాడు. ఇంటికి చేరేసరికి ఆ మాటల్లో ఒక్కటే మిగిలింది. “పొయ్యి కాడ నిలవడొద్దన్నదమ్మా డాక్టరమ్మ,” అని వాకిట్లో చెప్పులు విడుస్తూ తల్లికి చెప్పాడు. అందులో అబద్ధం లేదు. అబద్ధం చెప్పకుండానే నన్ను ఎట్లా ముంచేయవచ్చో ఆ రోజు తెలుసుకున్నాను. అత్తగారు కూడా మనస్ఫూర్తిగానే ఒప్పుకుంది. అన్నం, పప్పు, కూర తను చూసుకుంటానంది. పొయ్యితో సంబంధం లేనివన్నీ నావి అంది. బియ్యం ఏరడం, పిండి విసరడం, రోట్లో నూరడం, నీళ్లు తోడటం, మా ఇంటికి పేరు తెచ్చిన కీరా పెరుగు చేయడం.

ఆ కీరా పెరుగు సంగతేమిటంటే, మలక్‌పేటలో మా టోకు కిరాణా దుకాణం చుట్టుపక్కల వ్యాపారులు ఎండాకాలం సాయంత్రాలు ఒక్కొక్కరి మిద్దె మీద చేరి పేక పత్తాలాడుకునేవాళ్లు. మా వంతు వచ్చిన రోజు ఒకరిద్దరు ఎక్కువే వచ్చేవాళ్లు. అప్పడం ముక్కతో తీసుకుని చప్పరిస్తూ “సోమశేఖర్, మీ ఇంట్ల సల్లదనమే వేరు భాయ్” అనేవాళ్లు. “అంతా మా అమ్మ చెయ్యి,” అనేవాడు ఈయన. తరిగే చెయ్యి, నూరే చెయ్యి, పిండే చెయ్యి నావి. నేను మెట్ల మధ్యలో ఇంకో గిన్నె పట్టుకుని నిలబడి ఆ మాట వినేదాన్ని. మొదట్లో ఏడుపొచ్చేది. తర్వాత గిన్నె బరువుకి ఏడుపు గుర్తొచ్చేది కాదు.

కీరా చూడటానికి సాధువు. రెండు చివర్లు కోసి, ఆ ముక్కలతోనే నురుగు వచ్చేదాకా రుద్దాలి, చేదు దిగడానికి. చెక్కు తీయాలి. నిలువునా చీల్చి చెంచాతో గింజలు గీకాలి. సన్నగా తరిగి, ఉప్పు చల్లి, పాత ధోవతి గుడ్డలో మూటగట్టి పిండాలి. పిండకపోతే పెరుగు నీళ్లవుతుంది, నీళ్లయితే “ఏందిది, మజ్జిగ జేసినవా?” అంటారు. పెరుగు ముందు రోజే గుడ్డలో కట్టి మేకుకి వేలాడదీసి, మరునాడు కవ్వంతో వెన్నలా అయ్యేదాకా తిప్పి, రెండు పూటల పాల మీద తీసిన మీగడ కలపాలి. కొత్తిమీర, పుదీనా, అల్లం, పచ్చిమిర్చి వంగి నూరాలి. దుకాణం నుంచి వచ్చిన వేయించిన పల్లీల పొట్టు ఊది దంచాలి. ఐసుగడ్డకి అంటిన రంపపు పొట్టు కడిగి, పగలగొట్టి గిన్నె చుట్టూ పేర్చాలి. ఆపైన ఆ గిన్నెని మిద్దె మీదికి మోయాలి. ఇందులో ఎక్కడా నిప్పు లేదు కాబట్టి ఎక్కడా పని లేదు. మామగారు వైకుంఠం మంచివాడు, ఎప్పుడూ ఒక మాట తూలి ఎరగడు. ఆయన కూడా నా ఎదురుగా పడక కుర్చీలో వాలి విసనకర్ర ఊపుకుంటూ “కూసున్న కాడ అయిపోయే పని గదా బిడ్డా, పొద్దు గూడ పోతది,” అనేవాడు.

సిగ్గు విడిచి ఒక మాట చెబుతాను. పెళ్లయిన కొత్తలో నెలకు మూడు రోజులు వెనక వసారా మూలన చాప మీద కూర్చోవడం నాకు చావులా ఉండేది. నా పళ్లెం వేరు, చెంబు వేరు, నీళ్లు పై నుంచి పోసేవాళ్లు. ఏడాది తిరిగేసరికి ఆ మూల కోసం ఎదురుచూడటం మొదలుపెట్టాను. నన్ను ఎవరూ పిలవని చోటు ఆ ఇంట్లో అదొక్కటే. అంటరానిదాన్ని అయితే తప్ప నాకు నడుము వాల్చే హక్కు రాలేదు. కడుపు పండగానే ఆ మూడు రోజులు కూడా పోయాయి.

మొదటి కడుపు సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది. మూడో నెలలో రక్తం కనిపిస్తే భయపడి అత్తగారి దగ్గరికి పరుగెత్తాను. ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. “ముట్టు లేటయినట్టుంది తియ్. ఏం ముట్టుకోకు, మూలకు కూసో,” అంది. ఎప్పటి చాపే, ఎప్పటి చెంబే. నడుము తెగిపోయే నొప్పి. సోమశేఖర్ గడప అవతల నిలబడి “నొస్తున్నదా?” అని అడిగాడు. దవాఖానకి తీసుకుపొమ్మని చేతులు జోడించాను. “అమ్మ నియమం తెల్సు గదా విజయా. ఆమెను కాదని నేనెట్ల ముట్టుకుంట నిన్ను? జర ఓర్చుకో,” అన్నాడు. ఓర్చుకున్నాను. నాలుగో నాడు తల మీద నీళ్లు పోసుకోమన్నారు, పోసుకున్నాను. వంటింట్లోకి రమ్మన్నారు, వెళ్లాను. నా బిడ్డ ఆ మూలనే పోయింది. దానికి ఎవరూ ఏడవలేదు, ఎందుకంటే ఆ ఇంట్లో అది చావు కాదు, ముట్టు. తర్వాత డాక్టరమ్మ చెప్పేదాకా “కడుపు పోయింది” అనే మాట కూడా నా చెవిన పడలేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా మిద్దె వంతు వచ్చి ఆ గంపెడు కీరాలు తరిగిన రోజున మళ్లీ రక్తం కనిపించింది.

ఉప్పు వేసిన ముక్కల్ని మూటగట్టి పిండుతున్నాను. పొత్తికడుపులో ఏదో కిందికి లాగినట్టయింది. మూట వదిలి స్నానాల గదికి వెళ్లి చూసుకున్నాను. ఎర్రగా, బొట్టుబిళ్లంత. వారం నుంచే బిడ్డ లోపల మెల్లగా కదులుతోంది. పొట్ట మీద చెయ్యి పెట్టి “ఉన్నవా?” అని అడిగాను. కదలిక తెలియలేదు. అత్తగారి దగ్గరికి వెళ్లే ధైర్యం నాకు లేదు. ఆమె వెనక్కి వేసిన ఆ రెండడుగులు నాకు బాగా గుర్తు.

ఆయన మిద్దె మీద నీళ్లు చల్లి, చల్లబడ్డ చోట జంపఖానాలు పరుస్తున్నాడు. మెట్ల కింద నిలబడి పిలిచాను. తడి కాళ్లతో దిగి వచ్చాడు. చెప్పాను. ఆయన ముఖం తెల్లబోయింది. ఆ ఒక్క క్షణం నాకు ఆయన మీద ప్రేమ కలిగింది, భయపడ్డాడు కదా అని.

“అమ్మకు జెప్పినవా?” అన్నాడు.

“లేదు. మీకే మొదలు చెప్తున్న. దవాఖానకు పోదాం పదుండ్రి.”

ఆయన వంటింటి వైపు చూశాడు. గొంతు తగ్గించాడు. “గిప్పుడే చెప్పకు. అమ్మకు తెలిసిందంటే గిన్నె మొత్తం మోరీల పారబోస్తది. మంది వచ్చే యాళ్లాయె. ఈ ఒక్క పూట ఆగు విజయా. జల్ది కలిపి ఇయ్యి, ఎవ్వరికి తెల్వదు. పొద్దుగాల లేవంగనే పోదాం.”

“నేను కలిపింది మీరు తింటరా?”

“తింట. నాకేం పట్టింపులు లేవు. గయన్ని అమ్మయి.”

ఆ మాట అనేసి మళ్లీ మెట్లెక్కి పోయాడు. నేను వెళ్లి కలిపాను. అవును, కలిపాను. తిట్టుకోండి. చెప్పిన పని చేయడం చేతులకి అలవాటైపోయింది. పెరుగులో కీరా, కీరా మీద పల్లీ పొడి. కలుపుతుంటే ఆయన మాటలే చెవుల్లో మోగాయి. గయన్ని అమ్మయి. మరి అప్పుడు? గడప అవతల నిలబడి నా నొప్పి చూస్తున్నప్పుడు ఈ పట్టింపులు లేని మనిషి ఎక్కడ ఉన్నాడు? తల్లి నియమం రాతి గోడ అనుకున్నాను ఇన్నాళ్లు. పత్తాలాటకి వచ్చేవాళ్ల నోటి రుచి కోసం ఆ గోడలో తలుపు తెరుచుకుంటుందట. నా బిడ్డ కోసం తెరుచుకోలేదు. అంతవరకూ ఆయన్ని చేతకానివాడనుకుని జాలిపడ్డాను. ఆయనకి చేతనవును. అవసరమే రాలేదు.

వాకిట్లో చెప్పుల చప్పుడు మొదలైంది. ధోవతులు, నవ్వులు, జర్దా వాసన. ఆయన కిందికి వచ్చి గిన్నె రెండు చేతులా ఎత్తాడు. అత్తగారు అప్పడాల పళ్లెంతో వెనకే నిలబడింది. నేను కొంగుతో చేతులు తుడుచుకుని, వాకిట్లో ఉన్నవాళ్లందరికీ వినిపించేట్టు చెప్పాను.

“అత్తమ్మా, నాకు రక్తం పోతున్నది. మీ కొడుకుకు చెప్పిన. చెప్పకుంట కలిపి ఇయ్యమన్నడు. ఆ గిన్నె మొత్తం నా చేతులతోనే కలిపిన.”

ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు. అత్తగారి చేతిలో పళ్లెం వంగి అప్పడాలు జారిపోయాయి. “రామ రామ! నలుగురు తినే దానికి చెయ్యి వెడ్తివా? నీకు సిగ్గు శరం ఉన్నదానే?” అంది. కొడుకుని ఒక్క మాట అనలేదు. “పో, మూలకు పో. ఏం ముట్టుకోకు.” మామగారు తల వంచుకున్నాడు. ఆ వాకిలి నిండా అంతమంది పెద్దమనుషులు ఉన్నారు, కడుపులో బిడ్డ ఎట్లా ఉందని ఒక్కరూ అడగలేదు.

“మూలకు పోను. దవాఖానకు పోతున్న,” అని చెప్పులు వేసుకున్నాను. ఒకరైనా అడ్డు వస్తారేమో అనుకున్నాను. రాలేదు. అడ్డు రావాలంటే నన్ను ముట్టుకోవాలి. వ్యాపారులంతా ధోవతి కుచ్చిళ్లు దగ్గరికి లాక్కుని గోడకి అంటుకుని నాకు దారి ఇచ్చారు. పెళ్లయ్యాక ఆ ఇంట్లో నాకు అంత వెడల్పు దారి ఎప్పుడూ దొరకలేదు.

గల్లీ చివర ఒక ముసలి మియా రిక్షా మీద కునుకుతున్నాడు. నన్ను చూసి దిగి, సీటు మీద తువ్వాల వేసి “ఆరామ్ సే బైఠో బేటీ, నిమ్మళంగ కూసో” అన్నాడు. ఎక్కి కూర్చున్నాను. అప్పుడు సోమశేఖర్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఒగరుస్తున్నాడు. “గిట్ల మందిల ఇజ్జత్ తీస్తవా? దిగు. ఇంటికి రా, మాట్లాడుకుందాం.”

నాకు మాట్లాడే ఓపిక లేదు. పక్కకి జరిగాను. “ఎక్కుండ్రి,” అన్నాను. “నాకు భయమైతున్నది. మీరు తోడుంటే సాలు. ఎక్కుండ్రి.”

ఆ మాట మనసారా అన్నాను. ఆయన ఎక్కి ఉంటే జరిగిందంతా మింగి ఉండేదాన్నేమో, నా సంగతి నాకు తెలుసు. ఆయన రిక్షా చట్రం మీద చెయ్యి వేశాడు. వెనక్కి చూశాడు. వాకిట్లో తల్లి నిలబడి ఉంది, ఆమె వెనక దుకాణాల వాళ్లంతా నిలబడి ఉన్నారు. చెయ్యి మెల్లగా తీసేశాడు. “నువ్వు నడువు. నేను సైకిల్ తీస్కోని ఎనకనే వస్త,” అన్నాడు.

“చలో బాబా,” అన్నాను రిక్షా ముసలాయనతో. ఆయన గుంతలు తప్పిస్తూ, కుదుపు రాకుండా మెల్లగా తొక్కాడు. దారి పొడవునా నేను వెనక్కి చూస్తూనే ఉన్నాను. సైకిల్ రాలేదు.

దవాఖానలో డాక్టరమ్మ గొట్టం పొట్ట మీద ఆనించి చాలాసేపు విన్నది. నేను ఆమె ముఖమే చూస్తూ పడుకున్నాను. “ఉన్నది,” అంది. “గట్టి పిండమే. కానీ ఇంక మంచం దిగొద్దు.” అప్పుడు ఏడ్చాను. మొదటి బిడ్డ కోసం కూడా ఏడ్చాను. పక్క మంచం ఆవిడ లేచి వచ్చి తన చెంబుతో నాకు నీళ్లు తాగించింది.

మరునాడు సోమశేఖర్ వచ్చాడు, స్టీలు డబ్బాలో అన్నం తీసుకుని. వార్డులో అంతమంది ఉన్నా నా మంచానికి ఒక అడుగు దూరంలోనే నిలబడ్డాడు. బిడ్డ బాగుందని నర్సు చెబితే నిజంగానే కళ్లు తుడుచుకున్నాడు. “అమ్మ కోపం దిగిందిలే. నాలుగో నాడు తల మీద నీళ్లు పోసుకోని ఇంటికి రమ్మన్నది. ఇగ పొయ్యి లేదు, రోలు లేదు. మంచం మీదనే ఉందువు, నేను చెప్పిన,” అన్నాడు.

“నేను రాను. మా అమ్మోళ్లింటికి పోత. కాన్పు గూడ ఆడనే, ఆ తర్వాత గూడ ఆడనే.”

ఆయనకి నిజంగానే అర్థం కాలేదు. డబ్బా మూత తీసి, మళ్లీ పెట్టాడు. “ఏమైందే విజయా? కొట్టిన్నా? తిట్టిన్నా? మందిల మాట పడ్డది గూడ నేనే. ఇప్పటిదాంక నిన్ను ఒక్క మాట అన్ననా నేను?”

“అనలేదు,” అన్నాను. “రిక్షాల ఇంకొకరికి జాగ ఉండె.”